సగం డ్రమ్ములో కటి స్నానం

శుక్రవారం పొద్దున గల్ఫ్‌లోని హిద్ లేబర్ క్యాంపు వెనుక, సగానికి కోసిన నీలం డ్రమ్ములో వెంకటి కూర్చున్నాడు. వారం నుంచి నడుం పట్టేసి ఉంది. పరశురాం నీళ్లలో ఐసు వేస్తున్నాడు.

“తమ్మీ, రేపు డ్యూటీల వంగకపోతే నన్ను ఇంటికి పంపుతరు. ఇది పనిచేస్తదా?”

“రెండొందల ఏండ్ల సంది ఉన్న వైద్యమన్నా. జర్మనీల ఓ చర్చి ఫాదర్‌కు క్షయ వస్తే, చలికాలం నదిల మునిగి మునిగి బాగయిండట.”

“ఆయనకు నది దొరికింది. ఈ ఎండకు మన నల్లాల కాగిన నీళ్లతోని చాయ్ పెట్టుకోవచ్చు.”

“అందుకే గదా చేపల మార్కెట్‌కు పోయి ఐసు తెచ్చిన. దీన్ని కటి స్నానమంటరు. పది నిమిషాలు కదలొద్దు.”

“ఇవన్ని నీకెట్ల తెలుసు?”

“ఈడికి రాకముందు ప్రకృతి వైద్యం దవాఖానల ఎనిమిదేండ్లు తొట్లు నింపిన. పెద్ద పెద్దోళ్లు వస్తుండె. ఆ ఫాదర్ ఫోటో గోడకుండె.”

“తొట్టిల కూసుంటె నీకెట్లుండె?”

“నేనెన్నడు కూసోలె. నింపుడు, కడుగుడు, అంతే.”

వెంకటి డ్రమ్ము అంచు పట్టుకుని మెల్లగా బయటికి వచ్చాడు.

“ఇంక పది నిమిషాలు కాలేదన్నా.”

“బనీను ఇప్పి దిగు. ఇయ్యాల నేను నింపుత.”

పరశురాం సిగ్గుపడుతూనే దిగాడు. చలికి పళ్లు టకటకలాడుతుంటే పెద్దగా నవ్వాడు. వెంకటి వంగి, రెండు చేతులా బకెట్ ఎత్తి అతని వీపు మీద పోశాడు.

“అన్నా, నువ్వు వంగినవ్.”

వెంకటి బకెట్ వైపు చూశాడు, తన నడుం తడుముకున్నాడు.

“ఇంకొకటి పోస్త, ఆగు,” అంటూ మళ్లీ వంగాడు, ఈసారి కావాలనే.