వినపడని అలారం

చిక్కడపల్లిలో మేడమీద లాయరమ్మ గదిలో వాన వెలుగు నీళ్ళలా కదులుతోంది. ఎదురుగా కూర్చున్న వెల్డర్‌కు కాళ్ళ కింద నేల ఊగుతున్నట్టే ఉంది. నడిసముద్రంలో చమురు బావుల దగ్గర అతను పనిచేసే ఓడకు నిప్పంటుకుని, చేతులు కాలి మూడు నెలలైంది.

"మంట లేచినప్పుడు అలారం మోగలేదా, తమ్ముడూ?"

"మోగింది మేడం. నిద్రల నాకు ఐస్‌బండి గంట లెక్క వినపడ్డది. చిన్నపిల్లగాన్నయి దాని ఎనక పోతున్న."

"అంత మెల్లగ ఎందుకు మోగింది?"

అతను కిటికీ వైపు చూశాడు. ఈ మాట ఇంట్లో కూడా చెప్పలేదు.

"నేనే దానికి గుడ్డ చుట్టిన. మంట లేకున్నా ఊకె మోగేది. వారం సంది ఎవరికీ నిద్ర లేదు. ఇగ నా కేసు పోయినట్టేనా?"

"బాగు చేయించమని ఎవరికన్నా చెప్పినవా?"

"ఫోర్‌మన్‌కు మూడుసార్లు చెప్పిన. 'ఏదన్న గుడ్డ చుట్టుకో పో' అన్నడు. పక్క మంచం మీద పండే ఒడియా అన్న ఆ మాట విన్నడు. మంటలకెల్లి నన్ను గుంజుకొచ్చింది గూడ ఆయనే."

"ఆయన సాక్ష్యం చెప్తే నష్టపరిహారం కోసం గట్టిగ కొట్లాడొచ్చు. కానీ తప్పంతా నీదే అని కంపెనీవాళ్ళు గుడ్డనే చూపిస్తరు. దాస్తే మునుగుతం. మనమే ముందు చెప్దామా?"

అతను ముందుకు జరిగి కూర్చున్నాడు.

"రాయండి మేడం. గుడ్డ నేనే చుట్టిన. చుట్టినంక ఓడల అందరం కంటినిండ నిద్రపోయినం. అది గూడ రాయండి."

ఆమె అదీ రాసింది.