పొలిమేర దెబ్బ

హలో… ఆ, నేనే సార్, రామసుబ్బయ్యను. మార్కాపురం పోస్టాఫీసు నుంచి.

గొంతు కాదు సార్, మూతి. ఎడమ చెంప వాచింది, మాట తిరగడంలా…

పన్ను కాదు. కొట్టినారు.

అయ్యో, పోలీసులెందుకు! మన థీసిస్ కోసమే సార్. అది చెప్పేదానికే ట్రంకుకాల్ చేసినా. మూడే నిమిషాలిచ్చినారు, కాస్త వినండి.

మూడో అధ్యాయం… అదే, కర్నూలు జిల్లాకూ నెల్లూరు జిల్లాకూ మధ్య పాత పొలిమేర. ఒకప్పుడు ఇటు నైజాము, అటు ఆర్కాటు నవాబు… ఆ, మీరు ఎర్రసిరాతో 'ఆధారమేది' అని రాసినారే, అదే.

దొరికింది సార్! రాయి!

ఎట్లంటే… ఇక్కడి ఊర్లలో ఒక ఆచారముండేదంట. పొలిమేర రాయి పాతిన రోజు ఒక పిల్లోణ్ణి దాని పక్కన నిలబెట్టి చెంప పగలగొట్టేవాళ్ళు. చచ్చేదాకా ఆ చోటు మరిచిపోడని. వాడు ముసలోడైనాక ఇంకొక పిల్లోణ్ణి తీసకపోయి, అక్కడే నిలబెట్టి…

నవ్వొద్దు సార్. తాతల కాడి నుంచి అట్లే చేతులు మారింది.

ముందు పదకొండుమంది ముసలోళ్ళొచ్చినారు, దెబ్బ తిన్నది నేనంటే నేనని. పదకొండు చోట్లు చూపించినారు. ఒకాయన లెక్కన నెల్లూరు జిల్లా దర్శి కూడా మన కర్నూలుదే!

లేదు సార్, రాసుకోలా… సరే, రాసుకున్నా. కొట్టేసినా.

ఆఖర్న అంకన్న తాత వచ్చినాడు. గొర్రెలు కాసేవాడు, ఎనభై దాటినాయి. చూపు లేదు. గుట్ట కింద కర్ర తాటించుకుంటా పోయి పోయి, ఒకచోట నిలబడినాడు. చెయ్యి దానంతటదే చెంప మీదికి పోయింది సార్! "ఈడే" అన్నాడు. తవ్వితే మూరెడు లోతున రాయి!

ఫోటోనా?… లేదు. మళ్ళీ పూడ్చేసినారు.

నేనేం చేసేది! పైకి కనపడితే ఎవరో ఒకరు జరుపుతారంట. రాయి మట్టి కింద ఉండాల, గుర్తు ఒక మనిషి తలలో ఉండాల, అంతే అన్నాడు తాత.

ఎవరి తలలోనా… వాచిందని చెప్తుండా గదా సార్.

ఊర్లో కుర్రోళ్ళు ఒప్పుకోలా. సర్వే పటాలుండంగా దెబ్బలెందుకని పారిపోయినారు. తాత నన్ను పట్టుకున్నాడు. "ఏదీ మరిచిపోగూడదని ఊరూరా తిరుగుతుండావు గదా నాయనా, నిలబడు" అన్నాడు. నిలబడినా. గొర్రెలు పట్టిన చెయ్యి సార్ అది! నైజామూ నవాబూ ఇద్దరూ ఒక్కసారే కనపడినారు.

కొట్టి, నా చెంప నిమిరి ఏడ్చినాడు. "డెబ్బై ఏండ్లు మోసినా. నాతోనే పోతాదేమోనని నిద్ర పట్టేది కాదు" అన్నాడు. నాకూ ఏడుపొచ్చింది సార్…

ఆ, నొప్పికి కూడా.

గురవయ్యన్నా, ఇంకొక్క నిమిషం!… పోస్టుమాస్టరు సార్, టైమైందంటుండాడు.

ఏంది సార్?… పటంలో ఆ చోట చుక్క పెట్టి పంపాలా? లేకుంటే డిగ్రీ రాదా?

పెట్టలేను సార్. తాతకు మాటిచ్చినా. గీయగూడదు, రాయగూడదు, నోటితో చెప్పగూడదు. ఇంకొకరికి ఇయ్యాలంటే ఒకటే దోవ…

ఆ. అక్కడ నిలబెట్టి…

అయ్యయ్యో, మిమ్మల్నని ఎట్లంటాను! గురువు మీద చెయ్యెత్తుతానా! పోతే పోనీండి సార్ డిగ్రీ. నాలుగేండ్ల కష్టం, బాధ లేదంటే అబద్ధమే. గిద్దలూరులో ఏదో ఒక బడిపంతులు పని చూసుకుంటా. ఆ ముసలాయనకిచ్చిన మాట మాత్రం తప్పలేను.

హలో?… సార్?… లైను పోయిందా?

ఉండా సార్, చెప్పండి… ఏ బండా?… మెయిల్లో బెజవాడ దాకా వచ్చి, అక్కడ మీటరుగేజీ బండెక్కాల. మీరెందుకు…

నిజంగానా సార్?

స్టేషనుకు నేనే వస్తా… ఎవరికీ చెప్పను. అమ్మగారికి కూడా చెప్పను…

మెల్లగానా?… మెల్లగా కొడితే గుర్తుండదంట సార్… హలో?