టేపు మావయ్య ప్రాజెక్టు తెరిచిన కథ

సోమవారం పొద్దున పదింటికి, మా మెట్ల కింద టీ కొట్టు దగ్గర టేపు మావయ్య రెండో గ్లాసు అందుకుని, "అబ్బే, నేను చేసింది పెద్ద పనేం కాదులే" అన్నాడు. ఆయన అలా మొదలుపెట్టాడంటే బల్ల మీద ఉన్నవాళ్ళు కాళ్ళు పైకి మడుచుకుని కూర్చుంటారు. ఇప్పట్లో లేచేది లేదని వాళ్ళకి తెలుసు.

ఆయన ఈ మేడ మీది వీడియో స్టూడియోలో పెద్ద ఎడిటరు. టేపుల కాలంలో చేరాడు కాబట్టి ఆ పేరు. ఓనరు దగ్గర్నుంచి టీ కొట్టాయన దాకా అందరికీ మావయ్యే, నాకొక్కదానికి అన్నయ్యగారు. నేను ఆ గదులన్నీ ఊడ్చి తుడుస్తాను. పని మధ్యలో కిందికి దిగి చివరి మెట్టు మీద కూర్చుని టీ తాగుతాను. వింటాను. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు.

ముందురోజు బడిలో సభ జరిగింది. నలభై ఏళ్ళు అక్కడ గంట కొట్టినాయన రిటైరయ్యాడు. ఆ గంట విని పెరిగినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఫోన్లలో మాట్లాడి పంపిన ముక్కలన్నీ కలిపి మా స్టూడియోలో సినిమా చేశారు. అది చూసి గంటాయన ఏడ్చాడట, ఆయన్ని చూసి హెడ్మాస్టరు ఏడ్చాడట. అందుకే పొద్దున్నుంచి అందరి నోటా అదే మాట.

"అసలా సినిమా బయటికొచ్చేదే కాదు, తెలుసా?" అన్నాడు మావయ్య.

"ఏం మావయ్యా, ఏమైంది?" అన్నాడు టైలరు. ఈయనది పక్క కొట్టే.

"పోయిన సోమవారం మా ఎడిటింగు సాఫ్టువేరుకి కొత్త వెర్షను వేశాం. ఊళ్ళో ఇంకెవడూ వెయ్యలేదు, భయం! పొద్దున్నే తెర మీద ఒక పెట్టె వచ్చి కొత్తది వేసుకుంటారా అని అడిగింది. ఇదిగో, ఈ వేలే, అవునని నొక్కింది. ఊరు మొత్తానికీ మొదటి వేలు!"

ఆ వేలు ఎత్తి చూపించాడు. టీ కొట్టాయన దానికి దణ్ణం పెట్టాడు.

"మర్నాడు ప్రాజెక్టు తెరుద్దామని చూస్తే, ప్రాజెక్టంటే ఏం లేదు, ఆ ముక్కలన్నీ ఎక్కడున్నాయో, ఏది ముందో ఏది వెనకో రాసి పెట్టుకున్న ఫైలు. పాతదాంట్లో నిమిషంలో తెరుచుకునేది. కొత్తదాంట్లో ఇరవై నిమిషాలైనా తెరుచుకోదు! తెర మీద నీలం గీత ఒకటి వస్తుంది, లోడింగు గీత, అది నిండితే పని మొదలుపెట్టొచ్చు. అది కదిలితేగా!"

ఇక్కడిదాకా నిజమే. మంగళవారం నేనూ చూశాను ఆ గీతని. నేల తుడిచి, కిటికీలు తుడిచి, బకెట్లో నీళ్ళు మార్చుకుని వచ్చినా అది అక్కడే ఉంది.

"ఇరవై నిమిషాలేగా, కళ్ళజోడు మర్చిపోయిన రోజున సూదిలో దారం ఎక్కించడానికి నాకూ అంతే పడుతుంది" అన్నాడు టైలరు.

"ఇరవై నిమిషాలైనా అన్నాను, ఇరవై నిమిషాల్లో అన్నానా? ఇంటికెళ్ళి స్నానం చేసి, భోంచేసి, ఓ కునుకు తీసి వచ్చాను, వెంట్రుకవాసి జరిగింది. గడ్డం గీసుకుని కూర్చున్నవాణ్ణి, ఆ గీత సగం నిండేసరికి గడ్డం బొడ్డు దాకా దిగింది. అంతెందుకు, ఆ ముక్కల్లో ఒకటో క్లాసు పిల్లాడొకడున్నాడు, గంటాయనకి టాటా చెబుతూ. అది లోడయ్యేసరికి వాడికి మీసాలొచ్చేశాయి! పది పాసయ్యానని తెరలోంచి నాకే చెప్పాడు."

"ఫస్టు క్లాసేనా?" అన్నాడు టీ కొట్టాయన.

"నా కళ్ళముందు పెరిగినవాడు సెకండు క్లాసులో పాసవుతాడా?"

బల్లంతా నవ్వింది. నేనూ పమిట అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆయన కోతలు కోటలు దాటతాయని అందరికీ తెలుసు. ఎవరి ఇల్లూ కూల్చని కోతలు, వింటే ఏం పోతుంది అనుకునేదాన్ని.

అప్పుడు ఓనరు దిగాడు. ముప్పై దాటని మనిషి, తండ్రి తర్వాత స్టూడియో చూసుకుంటున్నాడు. చిన్నప్పుడు మావయ్య ఒళ్ళో కూర్చుని టేపు చక్రాలు తిరగడం చూసినవాడే. పోయిన వారమంతా షూటింగు మీద పక్క ఊళ్ళో ఉండి శనివారం వచ్చాడు. టీ చెప్పి, గోడకి ఆనుకున్నాడు.

"కానివ్వు మావయ్యా, నేనూ వింటాను. మధ్యాహ్నం ఎలాగూ కొత్తమ్మాయితో మాట్లాడాలి. ఎవర్నీ అడక్కుండా వెర్షను మార్చేసి, మూడు రోజులు పని ఆపేసిందన్నావుగా. సభ ముందు సినిమా అందకపోతే మన మొహం ఎక్కడ పెట్టుకునేవాళ్ళం? ఇంక రావొద్దని చెప్పేస్తాను."

పేరుకి కొత్తమ్మాయే గానీ ఆమెకి నలభై దగ్గరపడుతున్నాయి. ఇద్దరు పిల్లలు. పాత చోట స్టూడియో మూసేస్తే ఎనిమిది నెలలు తిరిగి తిరిగి ఇక్కడ రెండో ఎడిటరుగా చేరింది. పైన తన కుర్చీలోనే ఉంది అప్పుడు. కింద తన గురించి అనుకుంటున్నారని తెలియదు.

మావయ్య ఎత్తిన వేలు మెల్లగా గ్లాసు వెనక్కి వెళ్ళింది. టైలరు నావైపు చూశాడు. నేను నా గ్లాసులోకి చూశాను.

"అదే... తెలియక నొక్కి ఉంటుందిలే" అన్నాడు మావయ్య. అని, ఆ మాట మీద నిలబడలేనట్టు గబగబా ముందుకి పరుగెత్తాడు. "ఎవరు నొక్కితేనేం, బాగుచేసిందెవరు? అది అడగండి! మంగళ, బుధ, గురువారాలు, మూడు రోజులు కుర్చీలోంచి లేస్తే ఒట్టు! టీ కూడా కుర్చీలోకే. కంప్యూటరు డబ్బాకి చెవి పెట్టి విన్నాను. లోపల ముక్కలు తోసుకుంటున్నాయి, నేను ముందంటే నేను ముందని. వరసలో రండర్రా అని ఒక్క కేక వేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు టీ కొట్టాయన. అడగడం ఆయన అలవాటు.

"డబ్బా కాలిపోతోంది వేడికి. దాని మీద గిన్నె పెడితే మీరు గ్యాసు పొయ్యి దండగని అమ్మేసుకుంటారు, అంత వేడి. లోపలి ఫ్యాను ఆగిపోయింది. చిటికెనవేలితో నేనే తిప్పాను, పూటంతా. అప్పుడు ఫోనొచ్చింది, ఆ సాఫ్టువేరు చేసిన కంపెనీ నుంచి. వాళ్ళ పెద్ద ఇంజినీరు. 'అయ్యా, మా దగ్గర కూడా తెరుచుకోవట్లేదు, మీరు ఎలా తిప్పుతున్నారో చెప్పండి' అని బావురుమన్నాడు!"

"ఏ భాషలో?" అన్నాడు టైలరు.

"ఏడుపుకి భాషేంటయ్యా?"

మళ్ళీ నవ్వారు, ముందంత గట్టిగా కాదు. ఓనరు నవ్వలేదు. చిన్నప్పటి నుంచి మావయ్య మాట వింటూ పెరిగినవాడు. ఫోను సంగతి నమ్మకపోయినా, బాగుచేసింది మావయ్యేనన్నది నమ్మాడు. అది ఆయన మొహంలో కనబడింది.

ఒకప్పుడు నిజంగానే మావయ్య చేతిలో విద్య ఉండేదట. టేపు తెగితే కళ్ళు మూసుకుని అతికేవాడని పాత ఓనరు చెబుతుంటే విన్నాను. ఇప్పుడు తెర మీద ఏదైనా పెట్టె వచ్చి ప్రశ్న అడిగితే ఆయన చెయ్యి మౌసు మీద ఆగిపోతుంది. ఇంగ్లీషు ప్రశ్న చదివినట్టే చూసి, ఏదో ఒకటి నొక్కి, చుట్టూ చూస్తాడు. ఆ చూపు నాకు తెలుసు. బ్యాంకులో ఎక్కడ సంతకం పెట్టాలో తెలియనప్పుడు నేనూ అలాగే చూస్తాను. అందుకే ఆయన మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు.

కానీ బాగుచేసింది కొత్తమ్మాయి. గురువారం సాయంత్రం గీత గబుక్కున నిండినప్పుడు గదిలో మేమిద్దరమే ఉన్నాం. "అక్కా, తెరుచుకుంది!" అని నా తడి చెయ్యి పట్టుకుంది. ఏమైందో నాకు అర్థమయ్యేలా చెప్పింది కూడా. ఎప్పుడో పాడైపోయి పారేసిన పాత డిస్కు ఒకటుందట. ఏదో పాత ప్రాజెక్టుని మార్చి దీన్ని మొదలుపెట్టడంతో ఆ డిస్కులోని ముక్కల పేర్లు వందల్లో ఇందులో ఉండిపోయాయట. పాత వెర్షను ఆ డిస్కు లేదని తెలిసి దాటిపోయేది. కొత్తది మాత్రం ఒక్కో ముక్క కోసం వెళ్ళి, అడిగి, లేదని తెలిసేదాకా ఆగి, మళ్ళీ ఇంకోదానికోసం వెళ్ళేదట. ఇల్లు ఖాళీ చేసి పోయినవాళ్ళ తలుపు కొడుతూ నిలబడ్డట్టు. ఈమె ఖాళీ ప్రాజెక్టొకటి తెరిచి, పాతదాంట్లోంచి కొంచెం కొంచెం తెచ్చుకుంటూ, ఎక్కడ ఆగుతోందో చూసుకుంటూ మూడు రోజులు కూర్చుంది. ఆగిన చోటల్లా ఆ లేని డిస్కు పేరే. ఆ పేర్లు తీసేసింది. అంతే, తెరుచుకుంది.

"ఇక చివరికి విను" అని మావయ్య ఓనరు భుజం తట్టాడు. "గురువారం మధ్యాహ్నం రెండింటికి ఫ్యాను ఆఖరి తిప్పు తిప్పానో లేదో, గీత తుపాకీ గుండులా దూసుకుపోయి, తెర దాటి, గోడకి కొట్టుకుంది! ప్రాజెక్టు ఎంత వేగంగా తెరుచుకుందంటే, నేను నొక్కకముందే తెరుచుకుంది. సినిమాలో గంటాయన గంట కొట్టాడు. ఆ మోత కిటికీలోంచి వీధి దాటి బళ్ళోకి వెళ్ళింది. పిల్లలు సంచులు సర్దుకుని ఇళ్ళకి పోయారు! గురువారం బడి రెండింటికే వదిలారా లేదా? ఎందుకనుకున్నారు మరి?"

బడి ఆ రోజు నిజంగానే తొందరగా వదిలారు, సభకి హాలు సర్దుకోవాలని. టీ కొట్టాయన చప్పట్లు కొట్టాడు. ఓనరు ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"అదీ పనంటే. సరే మావయ్యా, నేను పైకెళ్ళి ఆమెతో మాట్లాడేస్తా. మధ్యాహ్నం దాకా ఎందుకు?"

ఆయన మొదటి మెట్టు ఎక్కాలంటే నేను లేచి దారివ్వాలి. లేవలేదు. నాకు కంప్యూటరు రాదు. గదులు వచ్చు. ఏ కుర్చీ జరిగింది, ఏ కుర్చీ జరగలేదు, ఎవరి బల్ల మీద దుమ్ము పట్టింది, ఎవరి కప్పు ఎండిపోయింది, ఇవి నాకంటే తెలిసినవాళ్ళు లేరు.

"అన్నయ్యగారూ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "గురువారం దాకా మూడు రోజులూ మీ కుర్చీ మీదే నా తుడుపు గుడ్డ ఆరేశానండీ. ఏసీ గాలి తగిలేది దానికే కదా. ఒక్కసారి కూడా తియ్యాల్సి రాలేదు."

టైలరు నవ్వబోయి ఆపుకున్నాడు. టీ కొట్టాయన పొయ్యి మంట తగ్గించాడు. ఆ మూడు రోజులూ మావయ్య కూర్చున్న బల్ల ఆయనదే.

ఓనరు నావైపు వంగాడు. "మరి పక్క కుర్చీ మీద?"

"దాని మీద ఆరేసే వీలు లేకపోయింది సారూ. ఆమె లేస్తేగా."

మావయ్య గ్లాసు అడుగున మిగిలిన టీని తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత ఆ వేలు మళ్ళీ పైకి లేచింది, ఈసారి సగమే.

"బాగుచేసింది తనేరా" అన్నాడు ఓనరుతో. "కానీ నొక్కింది మాత్రం... అందులో అబద్ధం లేదు. ఊరందరికంటే ముందు నేనే నొక్కాను."

ఓనరు పైన ఆమెకని ఇంకో టీ పోయించుకున్నాడు. నేను పక్కకి జరిగితే మెట్లెక్కి పైకి వెళ్ళాడు. కాసేపటికి మావయ్య కూడా లేచి, ఒక చేత్తో గోడ పట్టుకుని నా పక్కన ఆగాడు.

"గుడ్డ ఇంకా అక్కడే ఉందా అమ్మా?"

"లేదన్నయ్యగారూ. పొద్దున్నే తీసేశాను. కుర్చీ తుడిచిపెట్టాను."