రెండు అంతస్తుల మధ్య

నాలుగో అంతస్తు దాటగానే లిఫ్టు పెద్ద చప్పుడుతో ఆగిపోయింది. లోపల అత్తాకోడళ్ళిద్దరే ఉన్నారు.

“ఫోన్ చేశానత్తయ్యా. మెకానిక్ వస్తున్నాడట.”

“నాకు గుండె దడదడలాడుతోందమ్మాయ్. ఏదో ఒకటి మాట్లాడు. పొయ్యి మీద పాలు పొంగినా తలెత్తకుండా చదువుతావే, ఆ లావుపాటి నవల, అందులో ఏముంది?”

“మంత్రవిద్య తెలిసిన యువరాజు, పడవ నడిపే అమ్మాయి. ఇద్దరికీ ఇష్టమే. మూడొందల పేజీలైనా నోరు విప్పి చెప్పుకోరు.”

“అన్ని పేజీలా! మరి ఏం చేస్తుంటారు?”

“ఆమెకి జ్వరమొస్తే అతను మూడు రోజులు గుమ్మం బయటే కూర్చుంటాడు. లోపలికి చలి రాకుండా మంత్రం చదువుతూనే ఉంటాడు. ఆ పేజీ నేను నాలుగుసార్లు చదివాను.”

లిఫ్టు ఒక్క కుదుపుతో జానెడు కిందికి జారింది.

“అమ్మో! చెప్పు, చెప్పు, ఆపకు!”

“అప్పుడామె కళ్ళు తెరిచి... తెరిచి...”

“గొంతు వణుకుతోందేం? నీకూ భయమేనా?”

“చచ్చేంత భయంగా ఉందత్తయ్యా. ఆపితే ఏడ్చేస్తానేమోనని కథ చెబుతూ ఉన్నాను.”

“పిచ్చిదానా, ఇలా రా. నన్ను గట్టిగా పట్టుకో.”

చాలాసేపటికి పైన తలుపు మూరెడు తెరుచుకుంది. మెకానిక్ చెయ్యి లోపలికి చాచాడు.

“ఒక్కొక్కరే రావాలి. ముందు పెద్దావిడ రండి!”

“నేను కాదు నాయనా. ముందు మా పిల్లని లాగు.”