ఆఖరి జట్టుకు మంచి పిచర్

ఎమ్మిగనూరులో మగ్గం గుంతలోంచి లేచి, మహేశ్వరి ఆదోని పత్తి యార్డులో పనిచేసే తమ్ముడికి రోజూలాగే ఫోన్ చేసింది. ఇద్దరూ ఫోనులో ఆడే బేస్‌బాల్ ఆటలో ఆమె జట్టుది ఆఖరి స్థానం.

“అక్కా, బంతులేసే నా మంచి పిచర్‌ను నీ జట్టుకిస్తా, తీసుకో.”

“ఊరికేనా? వానికి సెయ్యి నొస్తాందా?”

“లేదక్కా.”

“పత్తి కుప్పలో పైన ఎండుది పెట్టి, అడుగున తడిది దాస్తారని నువ్వే సెప్తివి కదరా.”

“సెయ్యి పెట్టి సూసుకో మరి.”

ఆ పిచర్ వయసు, గాయాలు, ఆడిన ఆటలు అన్నీ వెతికింది. లోపమేమీ కనపడలేదు. అనుమానం ఇంకా పెరిగింది.

“ఇంత బాగుండేవాన్ని ఎందుకిస్తాండావురా? నిజం సెప్పు.”

“ఇట్లే ఓడిపోతాంటే ఆట ఇడిసిపెడతావు. అప్పుడు దినామూ నాకు ఫోనెవరు సేస్తారక్కా?”

“వాన్ని నీ కాడే పెట్టుకో. రేపు వాని బంతులే కొడతా, సూస్తాండు.”