బావ అడిగిన మోత

కార్లలో సౌండ్ సిస్టంలు బిగించే దుకాణం. మధ్యాహ్నం. దుకాణం నడిపేది బావమరిది. వచ్చినవాడు అతని అక్క భర్త; పిల్లల్ని బడికి తీసుకెళ్ళే వ్యాను నడుపుతాడు.

“ఇది కాదు. దీనికన్నా గట్టిది చూపించు.”

“బావా, ఇది పది అంగుళాల సబ్‌వూఫర్. ఇది పెట్టించుకున్నవాళ్ళనే వీధి వీధంతా తిట్టిపోస్తోంది.”

“పన్నెండు లేదా?”

“ఉంది. ఎందుకు? నీ వ్యానులో వేసేవన్నీ దేవుడి పాటలు. హార్మోనియం, తాళాలు. డ్రమ్ముల దడదడ లేనివాటిల్లో వూఫర్‌కి పనేముంది? జీతమిచ్చి ఊరికే కూర్చోబెట్టినట్టుంటుంది.”

“పాటలు మారుస్తాలే.”

“నువ్వు? పాటలు?”

“ఏం, మార్చకూడదా?”

“మార్చు, నాకేం. అడిగానంతే. ముందు కూర్చో. మొహమేంటి అలా పీక్కుపోయింది?”

“బాగానే ఉన్నా. దీనికి వాట్లెన్ని?”

“పెట్టె మీద వేసినవా, నిజంగా ఇచ్చేవా?”

“తేడా ఉంటుందా?”

“ఉండదా మరి. పెట్టె మీద పెద్ద అంకె వేస్తారు. అది ఒక్క దెబ్బకి, కన్నుమూసి తెరిచేలోపు ఇచ్చేది. నిలకడగా ఇచ్చేది వేరే ఉంటుంది, చిన్న అక్షరాల్లో. మనం చూడాల్సింది అదే.”

“నిలకడగా ఉండాలి. మొదటి ఇంటి దగ్గర మొదలెడితే బడి దాకా ఆగకూడదు.”

“బావా, వెనకాల ఒకటో తరగతి పిల్లలు కూర్చుంటారు. ఇది మోగితే వాళ్ళ గుండెలు అదిరిపోతాయి.”

“వెనకాల వద్దు. నా సీటు కింద పెట్టు. నా ఒక్కడికే తగలాలి.”

“తగలాలా, వినపడాలా?”

“రెండూ.”

“నిజం చెప్పు. ఏంటిది?”

“ఏంటంటే?”

“అక్కతో గొడవా?”

“మీ అక్కతో గొడవైతే వ్యాను కూడా అక్కర్లేదు, నడుచుకుంటూ పోతాను. అదేం కాదు.”

“మరి?”

“తలుపు వెయ్యి.”

“ఇది దుకాణం బావా. షట్టరే తప్ప తలుపు లేదు.”

“మీ అక్క దర్జీ దగ్గర ఆగింది. వచ్చేలోపు చెప్తాను. తనకి మాత్రం చెప్పకు.”

“చెప్పను.”

“మొన్న సిగ్నల్ దగ్గర కునుకు పట్టింది. బ్రేకు మీద కాలుంది కాబట్టి సరిపోయింది. వెనకాల ఒకటే హారన్లు. ముందు సీట్లో కూర్చునే చిన్నది నా చొక్కా పట్టుకు లాగి, అంకుల్, పచ్చ లైటు పడింది అంది.”

“సరే, సిగ్నల్ దగ్గర ఎవరికైనా ఒక్కోసారి...”

“ఇవాళ పొద్దున సిగ్నల్ కాదు.”

“మరి?”

“బండి కదులుతూ ఉంది.”

“బావా.”

“చక్రం ఫుట్‌పాత్ ఎక్కింది. ఆ కుదుపుకే మెలకువొచ్చింది. పిల్లలు నవ్వారు. ఇంకోసారి ఎక్కించమన్నారు. సరదాకి చేశాననుకున్నారు.”

“ఎవరికీ ఏం కాలేదుగా?”

“కాలేదు. వాళ్ళని దింపేసి, వ్యాను ఓ పక్కన ఆపి దణ్ణం పెట్టుకున్నాను. పెట్టుకుంటూనే ఒకటనిపించింది. ఆ క్షణం స్టీరింగు ఆయన పట్టుకున్నాడు, సరే, నమ్ముతాను. పట్టుకునేవాడు ముందే నన్ను లేపొచ్చు కదా? ఆయనకి మాత్రం ఎందుకంత శ్రమ?”

“లేపాడుగా, కుదిపి.”

“ఏమో. తప్పు పట్టడం లేదు, అర్థంకాక అడుగుతున్నా. వాళ్ళమ్మలు టాటా చెప్పి నా చేతుల్లో పెట్టి పంపుతున్నారు. అందుకే ఈ పెట్టె. ఒంటి కింద అదురుతూ ఉంటే నిద్రెలా వస్తుంది?”

“లారీ మీద అన్నేళ్ళు తిరిగావు. అప్పుడెప్పుడూ లేదే ఈ కునుకు.”

“అప్పుడు ఇద్దరం ఉండేవాళ్ళం. నాకు కళ్ళు మూతలు పడితే రెండో డ్రైవరుకిచ్చి వెనక బల్ల మీద ఒరిగేవాణ్ణి. వాడే లేపేవాడు.”

“ఇప్పుడు రాత్రిళ్ళు పడుకుంటున్నావా అసలు?”

“పడుకుంటా. నిద్రే...”

“నిద్రే?”

“ఆ సంగతి వదిలెయ్. పెట్టె చూపించు.”

“రా, నా కారులో కూర్చో. అందులో రెండు రకాలూ బిగించి ఉన్నాయి. ముందు మూసిన పెట్టె వేస్తా. ఎలా ఉంది?”

“ఎవరో తలుపు బాదుతున్నట్టుంది.”

“దీనిది దెబ్బ. కొట్టి ఆగిపోతుంది. ఇప్పుడు రెండోది. దీనికి ముందువైపు కన్నం ఉంటుంది, లోపలి గాలి అందులోంచి మూలుగుతూ వస్తుంది. వీపు సీటుకి ఆనించు.”

“ఊఁ.”

“తెలుస్తోందా? దెబ్బలా ఉండదు, సాగుతుంది. కొంచెం పెంచుతున్నా.”

“ఊఁ.”

“నడుం దగ్గర తెలియాలి. ఏది బాగుంది, మూసిందా, కన్నముందా? బావా. ఓ బావా.”

“ఎందుకాపావు?”

“నిద్రపోయావు.”

“ఎవరు? కళ్ళు మూసుకుని వింటున్నా.”

“గురక కూడా వచ్చింది.”

“అది నీ పెట్టెది.”

“నా పెట్టె ఆపేశాక కూడా వచ్చింది బావా.”

“మళ్ళీ వెయ్యి. ఈసారి చూడు.”

“వేశాను. నా వైపు చూడు. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు.”

“ఏం మాట్లాడను? మొదటి ఇంటి దగ్గర కవలలు ఎక్కుతారు. రోజూ ఒకడి నీళ్ళ సీసా ఇంకొకడు పట్టుకొస్తాడు. వాళ్ళమ్మ వెనకాలే పరిగెత్తుకుంటూ వచ్చి...”

“వచ్చి?”

“వచ్చి... సీసా...”

“సీసా? బావా? అయిపోయింది, మళ్ళీ నిద్రలోకి జారాడు.”

“ఏంట్రా ఇది? ఆయన్ని కారులో కూర్చోబెట్టి ఏం చేస్తున్నావు?”

“అక్కా, మెల్లగా.”

“వ్యానుకేదో స్పీకరు అన్నారు. ఇదా? పక్క సందు దాకా వినపడుతోంది. అయ్యో, నిద్రపోతున్నారా?”

“ఇది రెండోసారి.”

“ఇంత మోతలోనా?”

“అదే నాకూ అంతుపట్టడం లేదు. రాత్రిళ్ళు పడుకోడా?”

“మంచం మీదే ఉంటారు. అటు తిరుగుతారు, ఇటు తిరుగుతారు, లేచి నీళ్ళు తాగుతారు. లారీ మానేసిన దగ్గర్నుంచీ ఇదే తంతు. నేనేమో చప్పుడుకి నిద్ర పట్టడం లేదేమోనని ఆ కిరకిరలాడే ఫ్యాను బాగుచేయించాను. గోడ గడియారం వంటింట్లోకి మార్చాను. పక్కవాళ్ళతో పోట్లాడి, రాత్రిపూట నీళ్ళ మోటారు వెయ్యకుండా చేశాను. చీమ చిటుక్కుమంటే వినపడుతుంది ఇప్పుడు మా గదిలో. అయినా లాభం లేదు. ఇంకా ఎక్కువైంది.”

“అక్కా, లారీలో వెనక బల్ల మీద ఎలా పడుకునేవాడు?”

“ఎలా ఏముంది, ఇంజను అదురుతుంటే దాని మీదే. హాయిగా పట్టేదట. మధ్యలో ఎక్కడైనా లారీ ఆపితే మాత్రం గభాల్న లేచి కూర్చునేవారట.”

“ఆపితే లేచేవాడా?”

“అలా చూస్తావేం? ఏదో దాస్తున్నావు.”

“చెప్పనని మాటిచ్చాను.”

“ఎవరికి?”

“బావకి. నీకు చెప్పనని.”

“అయితే సగం చెప్పినట్టే. మిగతాది కూడా చెప్పు.”

“వ్యాను నడుపుతూ కునికిపాట్లు పడుతున్నాడు. పొద్దున చక్రం ఫుట్‌పాత్ ఎక్కింది. పిల్లలున్నారు లోపల.”

“ఎవరికైనా...”

“ఎవరికీ ఏం కాలేదు. కూర్చో అక్కా. ఇదిగో, ఈ స్టూలు మీద.”

“పొద్దున వచ్చి అన్నం తిన్నారు. నాతో నవ్వుతూ మాట్లాడారు.”

“నువ్వు కంగారు పడతావని.”

“నేను ఆ గడియారం కూడా తీసేశాను తమ్ముడూ. బంగారంలాంటి గడియారం, చక్కగా టిక్కుటిక్కుమనేది.”

“నీకెలా తెలుస్తుంది అక్కా.”

“పక్కన పడుకునేదాన్ని, నాకు కాక ఎవరికి తెలియాలి? వ్యాను తాళాలేవి?”

“బావ చొక్కా జేబులో.”

“మెల్లగా తియ్యి. నీ దగ్గరే ఉంచు. సాయంత్రం పిల్లల్ని ఎవరు దింపుతారు?”

“నేను దింపుతా. షట్టరు దించేసి వెళ్తా. ఇళ్ళ దారులు ముందు సీట్లో కూర్చునే చిన్నది చెప్తుంది. రేపు, ఎల్లుండి కూడా నేనే.”

“లేచాక తిడతారు.”

“తిట్టనీ. ఇప్పుడు పాట ఆపుతాను, ఎలాగూ లేస్తాడు. ఇది వ్యానులో బిగించే ప్రసక్తే లేదని మొహం మీదే చెప్పేస్తా. మెలకువ కోసమని జోలపాట కొనుక్కుంటానంటాడేంటి మనిషి?”

“ఆపకు.”

“అక్కా, ఆంప్లిఫైయరు వేడెక్కుతోంది.”

“ఎక్కనీ. ఆయన మొహం చూడు. ఇలా నోరు తెరుచుకుని పడుకోగా చూసి ఎన్నాళ్ళైందో.”

“అలాగని రోజంతా నా కారులో ఉంచుతావా?”

“ఈ మోగుతున్నదేది? కన్నమున్నదా?”

“అదే.”

“ఎత్తెంత ఉంటుంది?”

“ఎత్తెందుకు నీకు? సీటు కిందికి చచ్చినా దూరదు, ముందే చెప్తున్నా.”

“సీటు సంగతి నాకెందుకురా. మా మంచం కిందికి దూరుతుందా, లేదా?”