గొడ్లచావిట్లో పచ్చలైటు

తీసుకో అబ్బయ్యా, నీ గాలి మిషన్ నువ్వే పెట్టుకో. ఉదయగిరి కాడ బస్సు మారి, ఆత్మకూరు దాకా చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకోనొచ్చినా. పక్క సీటావిడ పాపా, బాబా అని అడగలేదు గానీ, అడిగే మొహమే పెట్టింది.

ఎర్రలైటు! పదకొండు రోజులుగా ఎర్రలైటే. దీనికి ఇంకో రంగు రాదా? గాలి బాగుపడితే పచ్చ వస్తాదన్నావే, యాడ వచ్చింది?

బిల్లు ఉండాది, వారంటీ కార్డు ఉండాది, అన్నీ ఉండాయి. ముందు నా మాట విను. కూర్చుంటాలే, ఆ స్టూలు చాలు. టీ వద్దు. సరే, చెప్పించు. చక్కెర తక్కువ.

గుర్తుపట్టినావు గదా నన్ను? వరికుంటపాడు పక్క మాల్యాద్రిని. మా తట్టు ముక్కు మాల్యాద్రి అంటారు. మొదట్లో నా ముక్కు పొడుగు చూసి ఎక్కిరింపుగా పెట్టిన పేరే. నలభై ఏళ్ళు పొగాకు పండించి దాన్ని బిరుదు చేసుకున్నా. ఎవరు బ్యారన్ కొట్టంలో ఆకు కాల్చి ఆరబెట్టినా, వేలానికి పోయేముందు ఒక గుప్పెడు నా కాడికి తెస్తారు. నేను కళ్ళు మూసుకోని, ఆకు ముక్కుకాడ పెట్టుకోని, ఇంత గాలి లాగుతా. 'ఇంకా రెండు రోజులు ఆరనీ' అంటే ఆరనిస్తారు. 'ఎత్తు బండికి' అంటే ఎత్తుతారు. అంత ముక్కు ఇది!

అట్టాంటి ముక్కు ఇంట్లో గాలి బాగుండాదంటే, అరచెయ్యంత లైటు కాదంటాదా?

నవ్వబాక. దీని వెనక పెద్ద కత ఉండాది.

మిషన్ ఎవరి కోసం కొన్నా? మా మనవరాలు నవ్యశ్రీ కోసం. ఏడేళ్ళది. రొమ్ము పట్టేసి, పెదాలు నీలం తిరిగితే ఆటోలో ఈ ఊరికే తెచ్చినాం. ఆసుపత్రిలో మూడు రోజులు ఆ చిన్న మూతికి మాస్కు పెట్టి ఆవిరి పట్టినారు. 'ఇంట్లో గాలి చూసుకోండి' అన్నాడు డాక్టరు. అంతే! మా కోడలు నిరోష పిల్లని సంకన పెట్టుకోని, ఇదే ఊళ్ళో పుట్టింట్లో కూర్చున్నాది. మావాడు శ్రీకాంత్ గూడా ఆడికే చేరినాడు. 'గాలి మిషన్ పెట్టు మామా. పచ్చలైటు వెలిగిన రోజు ఫోటో పంపించు, మర్నాడే వస్తాం' అన్నాది. గట్టిగా గూడా అనలా. గట్టిగా అనుంటే నాలుగు తిట్టి గెలిచుండేవాణ్ణి.

అందుకని నీ కొట్టుకొచ్చినా. నువ్వు మూడు మిషన్లు వరసగా పెట్టినావు. ఫిల్టరు అన్నావు, గది ఎన్ని అడుగులన్నావు, ఎన్నాళ్ళకి మార్చాలో అన్నావు. నేనేం చేసినా? అగరొత్తి వెలిగించమన్నా! మూడిటి వెనకా పొగ పెట్టించి, మూడిటి ముందూ వంగి వాసన చూసినా. కొట్లో ఉన్నోళ్ళంతా మూగినారు. ఒకాయన ఫోన్లో తీసినాడు గూడా. నడిమి దాని మీద వేలు పెట్టి 'ఇదీ సరుకు' అన్నా. 'పెద్దాయన భలే పట్టినాడే' అన్నావు నువ్వు.

ఇంటికి తీసకపోయి, పిల్ల పడుకునే గదిలో పెట్టి స్విచ్చేసినా. ఎరుపు.

సరే, కొత్తది గదా, సిగ్గుపడతా ఉండాది అనుకున్నా. మర్నాడు ఎరుపు. మా ఇంటామె దేవకమ్మని తిరగమోత పెట్టొద్దన్నా. పదకొండు రోజులుగా తిరగమోత లేని పప్పు తింటా ఉండా, చూడు, ఎట్టా చిక్కినానో. సాంబ్రాణి మానిపించినా. దోమలబిళ్ళ పారేసినా. దుప్పట్లు ఉడకబెట్టించినా. 'ఇంక మిగిలింది నేనే, నన్ను గూడా ఉడకబెట్టు' అన్నాది దేవకమ్మ. బీడీయా? తాగను. పొగాకు పండిస్తా గానీ తాగను. మిఠాయి కొట్టోడు మిఠాయి తినడు గదా, అట్టా.

అయినా ఎరుపే!

అప్పుడు నాకు రోషమొచ్చింది. పొడుగు వైరు లాగి, దీన్ని ఎత్తుకపోయి వసారాలో పెట్టినా. పావుగంటలో పచ్చ! లోపల పెడితే ఎరుపు. మళ్ళీ బయటికి. పచ్చ. ఆఖరికి ఏం చేసినానో చెప్పనా? గొడ్లచావిట్లో పెట్టినా. రెండు బర్రెలు, ఒక దూడ, పేడ, ఉచ్చ. పచ్చ! నిగనిగలాడే పచ్చ! బర్రె నా తట్టు చూసిన చూపు, ఏం చెప్పమంటావు, బర్రెల్లో పుట్టనందుకు సిగ్గుపడినా.

ఫోటో తీసి పంపిద్దామనుకున్నా, ఆ చావిట్లోనే. తీసినా గూడా. దూడ తోక పడింది అందులో.

మరి నా ఇంటి గాలి చావిడి కన్నా హీనమా? చెప్పు! నీ మిషన్ది తప్పు కాదా?

ఏందీ?

ఆ గది పక్కన ఏముందా? ఏముంటాది, సామాన్లు. అందరిళ్ళల్లో ఉండే సామాన్లే. కొన్నప్పుడు గూడా ఇదే అడిగినావు నువ్వు. నువ్వు గాలి మిషన్లు అమ్ముకుంటా ఉండావా, ఇల్లు సోదా చేస్తా ఉండావా?

అట్టా చూడబాక.

బేళ్ళు. గోనెపట్టాలో కట్టిన పొగాకు బేళ్ళు. వేలానికి పోవాల్సినవి. అమ్ముడుపోయిందాకా ఇంట్లోనే గదా పెట్టుకునేది? చెమ్మ తగలకుండా, ఎండ పడకుండా, మంచి గది చూసి దానికే ఇస్తాం. మా ఇళ్ళల్లో పిల్లల తర్వాత బేళ్ళు. ఒక్కో ఏడు పిల్లలకన్నా ముందు. మధ్యలో గోడ ఉండాది. ఉండాది గానీ మనిషెత్తే. పైన ఖాళీ.

దానికేమి? నేను ఆ బేళ్ళ పక్కనే పుట్టినా. మా నాయన పుట్టినాడు. మాకేం కాలా.

మొన్న వేసవి వానకి ఆ గది రేకు కారింది. తుడిచినాం. 'ఏందో ముక్కిన వాసన వస్తా ఉండాది' అన్నాది దేవకమ్మ. నేను పోయి, నిలబడి, కళ్ళు మూసుకోని, గాలి లాగి, 'ఏం లేదు' అన్నా. వారం పోయినాక నిరోష అన్నాది: 'మామా, బేళ్ళు ఒకసారి విప్పి చూపించు, నాకు తల తిరగతా ఉండాది ఆ వాసనకి' అని. నాకు మండింది. 'నలభై ఏళ్ళ ముక్కుకి తెలీంది నీకు తెలిసిందా అమ్మణ్ణీ' అన్నా. నలుగురిలో అన్నా. ఆ బిడ్డ ఇంకేం మాట్లాడతాది? నా ముక్కు మాట ఊరే వింటా ఉంటే, కోడలు వినదా?

టీ బాగుండాది. చక్కెర ఎక్కువైందిలే.

తలుపు రొంత దగ్గరకెయ్యి.

ఆ ముక్కు చచ్చిపోయిందబ్బయ్యా. ఆ కరోనా జ్వరమప్పుడు పోయింది. అందరికీ తిరిగొచ్చింది, నాకు రాలా. పేడకీ మల్లెపువ్వుకీ తేడా తెలీదు. దేవకమ్మకి గూడా చెప్పలా. ఏమని చెప్పేది? ముక్కు మాల్యాద్రికి ముక్కు పోయిందంటే ఇంక మిగిలేది ఉత్త మాల్యాద్రి. ఉత్త మాల్యాద్రిని ఎవరు పలకరిస్తారు?

ఆకు తెస్తే ఎట్టా చెప్తా ఉండావంటావా? చేత్తో నలిపితే సగం తెలుస్తాది. మిగిలిన సగం తెచ్చినోడి మొహంలో ఉంటాది. కళ్ళు మూసినట్టే మూసి, సందులోంచి చూస్తా. వాడు బెదరతా ఉంటే 'ఆరనీ' అంటా. ధీమాగా ఉంటే 'ఎత్తు' అంటా. ఇన్నేళ్ళలో తప్పింది రెండుసార్లే. అవి గూడా వాన మీదకి తోసినా. నీ మిషన్లు గూడా అంతే! అగరొత్తి వాసన నాకేం తెలుసు? నువ్వు నడిమి దాని తట్టు రెండుసార్లు చూసినావు. అంతే, వేలు పెట్టినా.

నిన్న పొద్దున దీని మీద కోపంతో ఆ గదిలోకి పోయినా. నీది తప్పా, నాది తప్పా తేల్చేద్దామని ఒక బేలుకి తాడు కోసినా. లోపల చెయ్యి పెడితే వెచ్చగా ఉండాది, జ్వరమొచ్చిన ఒంటి మాదిరి. లాగితే ఆకు మీద తెల్లగా బూజు నూగు. వెనక వరసంతా అంతే. అప్పుడు గూడా నాకు ఏ వాసనా రాలేదబ్బయ్యా! దేవకమ్మ గుమ్మం కాడికొచ్చి, కొంగు ముక్కుకడ్డం పెట్టుకోని, వెనక్కి పరిగెత్తింది. ఆమె పరిగెత్తింది చూసి తెలుసుకున్నా, నా ఇంట్లో గాలి ఎట్టా ఉండాదో.

ట్రాక్టరు పిలిచి బేళ్ళన్నీ చేలో తోలించేసినా. అడిగినోళ్ళకి పురుగు పడిందని చెప్పినా. పోతే పోయింది. పొగాకు కోసం ఏడవడానికి రాలా నేను.

మరి మిషన్ ఎందుకు తెచ్చినావంటావా? ఇయ్యడానికే తెచ్చినా, పొద్దున బస్సెక్కేటప్పుడు. నిజం చెప్పింది గదా, దాని మొహం చూడబుద్ధి కాలా. ఇప్పుడు ఇయ్యను. నువ్వు దీనికి కొత్త ఫిల్టరు వేసియ్యి, పాతది నల్లబడిపోయుంటాది. ఇక్కణ్ణించి నిరోష వాళ్ళింటికి రెండు వీధులు. పోతా. నా ముక్కు చచ్చిపోయింది తల్లీ, నువ్వు చెప్పిందే నిజం అని, వాళ్ళ నాయన ముందరే చెప్తా. భయమేంది నాకు? వస్తే వస్తాది, రాకుంటే గది కడిగి, సున్నం కొట్టి, మళ్ళీ పోతా. ఊరికి గూడా నేనే చెప్పుకుంటా. నవ్వేటోణ్ణి నవ్వనీ. వాడి ముక్కు యాడుండాదో వాణ్ణి చూసుకోమను.

ఇంకొకటి ఉండాది. అది మాత్రం చెప్పను. వాళ్ళకి చెప్పను.

పిల్లకి జబ్బు ముదరక ముందు, వారం రోజులు, మధ్యాహ్నం పూట నా పక్కనే పడుకునేది. రొమ్ములో ఈల. ఊపిరి లోపలికి పోయినప్పుడల్లా సన్నగా ఈల. 'ఏంది మామా ఆ చప్పుడు' అని వంటింట్లోంచి అడిగింది నిరోష. ఫ్యాను బేరింగు పోయిందన్నా. మర్నాడు అన్నా. ఆ మర్నాడూ అన్నా. ఒక రోజు కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది. ఈల ఆగలా. లేచి తలుపేసినా, వాళ్ళకి వినపడకుండా.

చెవులకేం రోగం లేదబ్బయ్యా నాకు.